కింద మలిగీలు, పైన కాపురాలు: ఉమ్మడి స్థలంలో మిశ్రమ భవనం కట్టించే ముందు తేల్చుకోవలసినవి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. కూకట్‌పల్లిలో మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగిన దూరంలో, 80 అడుగుల రోడ్డు మీద, మీ నాన్నగారి నుంచి మీ ముగ్గురు అన్నదమ్ములకూ మీ చెల్లెలికీ సంక్రమించిన సుమారు 2,580 గజాల స్థలం ఉంది. ముందు భాగంలో ఆరు పాత మలిగీలు అద్దెకు నడుస్తున్నాయి. ఒక బిల్డరు వచ్చి, కింది రెండు అంతస్తుల్లో దుకాణాలు, ఆ పైన ఒక అంతస్తులో క్లినిక్కులూ కోచింగ్ సెంటరూ, మిగిలినదంతా ఫ్లాట్లుగా కట్టి చెరి సగం పంచుకుందామని ప్రతిపాదించారు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు దుకాణాలన్నీ నిర్మాణ దశలోనే అమ్మేయాలంటున్నారు. మీరేమో ఫ్లాట్ల కింద దుకాణాలు ఉంటే పైవారికి మనశ్శాంతి ఉండదేమోనని సందేహిస్తున్నారు. హైదరాబాద్‌లో మూడు దశాబ్దాలుగా ఇలాంటి భవనాల నక్షాలు గీస్తూ, అవి కట్టిన పదేళ్ల తరువాత వాటిలో పుట్టే తగాదాలను పరిష్కరించడానికి కూడా వెళ్తున్న ఆర్కిటెక్టుగా, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అలాంటి చోట దుకాణాలూ ఇళ్లూ కలిసిన భవనమే సరైనది. అంత రద్దీ ఉన్న రోడ్డు ముఖాన్ని స్టిల్ట్ పార్కింగ్‌కు, అంటే పిల్లర్ల మధ్య బండ్లు నిలిపే ఖాళీకి వదిలేస్తే వీధికీ నష్టమే, మీ కుటుంబానికీ నష్టమే. అయితే దాన్ని ఒకే భవనంగా ఊహించుకోకండి. ఒకే పునాది మీద నిలబడే రెండు భవనాలుగా మొదటి గీత దగ్గర నుంచే ఆలోచించండి. దారి, మెట్లు, లిఫ్టు, మురుగు పైపు, కరెంటు మీటరు, పార్కింగ్, నిర్వహణ ఖాతా, వీటిలో ఏవి కలిసి ఉండక తప్పదో తేల్చి, మిగిలినవన్నీ విడదీయాలి. రెండో మాట, రోడ్డు మీది గ్రౌండ్ ఫ్లోరును ముక్కలుగా అమ్మకండి. ఈ రెండింటికీ కారణాలు కింద చెబుతాను.

కింద కొట్టు, పైన కాపురం అన్న ఏర్పాటు మన ఊళ్లకు కొత్త కాదు. విజయవాడ వన్‌టౌన్‌లోనూ, రాజమండ్రి మెయిన్‌రోడ్డు మీదా తరాల తరబడి వర్తక కుటుంబాలు అలాగే బతికాయి. 1908 మూసీ వరదల తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చార్మినార్ దగ్గర కట్టించిన పత్తర్‌గట్టిలో కూడా రాతి కమానుల వెనుక దుకాణాలు, వాటి పైన నివాసాలు ఉండేలా కట్టారు. ఆ ఏర్పాటు సాఫీగా నడవడానికి ముఖ్యమైన కారణం, చాలాచోట్ల కొట్టు నడిపేవారూ పైన కాపురం ఉండేవారూ ఒకే కుటుంబం కావడం. రాత్రి పొద్దుపోయాక బస్తాలు దించినా, నూనె వాసన పైగదుల దాకా వచ్చినా, లాభం పొందేవారూ ఇబ్బంది పడేవారూ ఒకరే కాబట్టి ఇంట్లోనే సర్దుకునేవారు. ఇప్పుడు కింద హోటల్ నడిపే అద్దెదారుకు పైన ఎవరున్నారో తెలియదు. బ్యాంకు అప్పుతో పై ఫ్లాటు కొనుక్కున్న దంపతులకు ఆ హోటల్ లాభంలో ఏ భాగమూ లేదు, పొగ మాత్రం వారి వంటింటి కిటికీలోకే వస్తుంది. అప్పట్లో ఇంటి పెద్ద మాటతో సర్దుబాటయిన విషయాలను ఇప్పుడు నక్షాలోనూ దస్తావేజులోనూ సర్దాలి.

అన్నిటికంటే ముందు ప్రాణభద్రత సంగతి. దీన్ని బిల్డరుతో బేరంలో పెట్టకండి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో, కింద దుకాణాలూ పైన ఒక ఉమ్మడి కుటుంబమూ ఉన్న పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది చిన్నపిల్లలు. ఆ ఇంటికి రాకపోకలన్నీ ఇరుకైన ఒకే దారి గుండా జరిగేవి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది భాగంలో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది ప్రాణాలు పోయాయి. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. ఈ మూడింటిలోనూ నిప్పు పుట్టింది కింద, పొగ చుట్టుముట్టింది పైవారిని. మెట్ల గది పొగగొట్టంలా మారితే పై అంతస్తులో ఉన్నవారు మంటను చూడకముందే స్పృహ తప్పుతారు. అందుకే ఫ్లాట్లకు వెళ్లే మెట్లూ లిఫ్టూ దుకాణాల అంతస్తుల్లోకి తెరుచుకోకూడదని నేను పట్టుబడతాను. ఆ మెట్ల గది కింది నుంచి పై దాకా గట్టి గోడల మధ్య, దుకాణాల వైపు ఒక్క తలుపు కూడా లేకుండా, వీలైతే పక్క రోడ్డు వైపో, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదిలే ఖాళీ స్థలం) వైపో నేరుగా బయటికి తెరుచుకోవాలి. దుకాణాలకు వేరే మెట్లు ఉండాలి.

దీనికి బిల్డరు ఒప్పుకోవడానికి వెనకాడవచ్చు. అదనపు మెట్లూ లాబీ వల్ల ప్రతి అంతస్తులో రెండు మూడు వందల చదరపు అడుగుల అమ్మకపు స్థలం పోతుందని అంటారు. ఆయన లెక్క తప్పేమీ కాదు. అయినా ఆ నష్టాన్ని ఇద్దరూ చెరిసగం భరించి తీరాలి. మన రాష్ట్రంలో అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రానికి నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్ల ఎత్తును హద్దుగా చూస్తారు. రెండూ కలిసిన భవనానికి తేలికైన హద్దును వెతుక్కోకుండా కఠినమైనదాన్నే పాటించమని నా సలహా. పత్రం అవసరం లేనంత ఎత్తులోనే ఆగినా దుకాణాల అంతస్తుల్లో స్ప్రింక్లర్లు, పొగ పసిగట్టే పరికరాలు, అగ్నిని ఆపే తలుపులు పెట్టించండి.

ఇక ఎత్తు సంగతి. మీ బిల్డరు ప్రతిపాదనలో నాకు ఎక్కువ సందేహం కలిగించింది ఇదే. 2006లో వచ్చిన జీవో 86 నుంచి హైదరాబాద్‌లో నిర్మాణ విస్తీర్ణానికి నేరుగా గరిష్ఠ పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, ఎత్తు, చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాక్, ఇవే నిర్మాణాన్ని అదుపు చేస్తాయి. 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఆ నిబంధనల ప్రకారం 18 మీటర్లు, అంతకు పైన ఉన్నది హైరైజ్ భవనం, దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం కావాలి. మీ స్థలం సుమారు 45 మీటర్ల ముఖం, 48 మీటర్ల లోతు అని రాశారు కాబట్టి 2,160 చదరపు మీటర్లు అవుతుంది. అంటే అర్హత ఉంది. కానీ రోడ్డు విస్తరణ కింద ముందు వైపు నాలుగు మీటర్లు పోతే మిగిలేది 1,980. అందువల్ల విస్తరణ ప్రతిపాదన ఉందో లేదో, ఉంటే విస్తీర్ణాన్ని దేని మీద లెక్కిస్తారో, తాజా సవరణలతో సహా మున్సిపల్ టౌన్‌ప్లానింగ్ విభాగం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకున్న తరువాతే ఏ ఒప్పందమైనా చేయండి.

అర్హత ఉందనుకుని రెండు రకాలుగా లెక్క వేసి చూద్దాం. మొదటిది 18 మీటర్ల లోపు భవనం. లెక్క సులువుగా ఉండడానికి చుట్టూ 7 మీటర్లు వదిలామనుకుందాం. 31 మీటర్లు, 34 మీటర్ల కొలతలతో ఒక్కో అంతస్తు 1,054 చదరపు మీటర్లు వస్తుంది. గ్రౌండ్ ఫ్లోరు ఎత్తు నాలుగున్నర మీటర్లు, మొదటి అంతస్తు 4.2 మీటర్లు, పైన మూడు మీటర్ల చొప్పున మూడు అంతస్తులు వేస్తే 17.7 మీటర్ల దగ్గర ఆగుతాం. వాణిజ్యానికి 2,108, ఫ్లాట్లకు 3,162, మొత్తం 5,270 చదరపు మీటర్లు. రెండోది 30 మీటర్ల భవనం. దానికి చుట్టూ 10 మీటర్లు వదలాలి కాబట్టి అంతస్తు 25 మీటర్లు, 28 మీటర్లకు, అంటే 700 చదరపు మీటర్లకు కుదించుకుపోతుంది. కింద రెండు వాణిజ్య అంతస్తులు, పైన ఏడు నివాస అంతస్తులు వేస్తే వాణిజ్యానికి 1,400, ఫ్లాట్లకు 4,900, మొత్తం 6,300.

తొమ్మిది అంతస్తులు లేపి మీరు అదనంగా పొందేది దాదాపు 1,030 చదరపు మీటర్లే. పోగొట్టుకునేది మాత్రం మొత్తం స్థలంలో అతి ఖరీదైన భాగం. దుకాణాల విస్తీర్ణం మూడో వంతు తగ్గింది, రోడ్డు ముఖం 31 మీటర్ల నుంచి 25కు తగ్గింది. పైగా ఎత్తైన భవనానికి అగ్నిమాపక లిఫ్టు, పెద్ద నీటి ట్యాంకు, పంపులు, ఎక్కువ లోతు పునాది, ఎక్కువ లిఫ్టులు, ఎక్కువ కాలం పట్టే అనుమతులు తోడవుతాయి. కింద వెడల్పుగా పోడియం, అంటే పీఠంలాంటి దిగువ భాగం, దాని మీద సన్నని టవరు కట్టే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. అది వాడుకుంటే దుకాణాల విస్తీర్ణం కొంత తిరిగి దక్కుతుంది. అయితే పోడియం పైకప్పు మీద మొక్కలూ పిల్లల ఆటస్థలమూ పెడతారు, దాని కింద ఉండేది మరొకరి దుకాణం. వాటర్‌ప్రూఫింగ్ ఏడెనిమిదేళ్లకు దెబ్బతిన్నప్పుడు మరమ్మతు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మీద కోర్టు దాకా వెళ్లిన సంఘాలు నాకు తెలుసు. మీ కొలతల్లో ఉన్న స్థలానికి నేనైతే 18 మీటర్ల లోపు భవనాన్నే ఎంచుకుంటాను. బిల్డరు ఎత్తుకు మొగ్గడానికి కారణం అర్థం చేసుకోదగినదే. ఫ్లాట్లు త్వరగా అమ్ముడవుతాయి, దుకాణాల విలువ నెమ్మదిగా పండుతుంది. ఆయన మూడు నాలుగేళ్లలో వెళ్లిపోతారు, మీరు ముప్పై ఏళ్లు ఉంటారు.

అంతస్తుల కేటాయింపులో కూడా ఒక మార్పు సూచిస్తాను. మన రోడ్ల మీద మొదటి అంతస్తులో చిన్న దుకాణాలు నడవడం చాలా కష్టం. మెట్లెక్కి వచ్చేంత అవసరం ఉన్నవాటికే అక్కడ గిరాకీ ఉంటుంది: పళ్ల డాక్టరు, కళ్ల డాక్టరు, డయాగ్నస్టిక్ సెంటరు, బ్యాంకు, ఆడిటరు ఆఫీసు. అందువల్ల క్లినిక్కులను మొదటి అంతస్తుకే దించి, ఆ పైనంతా ఇళ్లకు వదిలేయండి. అప్పుడు రెండు భవనాల మధ్య సరిహద్దు ఒకే స్లాబు దగ్గర తేలిపోతుంది. కోచింగ్ సెంటరును మాత్రం పూర్తిగా మానుకోమని గట్టిగా చెబుతాను. గంట గంటకూ వందల మంది పిల్లలు ఒకేసారి దిగడం, ఎక్కడం, వారి బైకులు, వారికోసం ఎదురుచూసే బండ్లు, వీటిని మీ మెట్లూ మీ రోడ్డూ మోయలేవు. సెల్లార్‌ను పార్కింగ్‌కు తప్ప దేనికీ ఇవ్వకండి. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటరు వారు లైబ్రరీగా వాడుతున్న సెల్లార్‌లోకి వాననీరు ముంచుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఇరుకు నగరంలో సెల్లార్ ఎవరికైనా ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. ఆ ఆశను దస్తావేజులోనే తుంచేయాలి.

నక్షాలో కంటికి కనిపించని తగాదాలు పిల్లర్ల దగ్గరా పైపుల దగ్గరా ఉంటాయి. దుకాణానికి అడ్డులేని విశాలమైన హాలు కావాలి, ఫ్లాటుకు పది పన్నెండు అడుగుల గదులు కావాలి, సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య రెండు మూడు కార్లు పట్టాలి. ఈ మూడింటికీ సరిపడే పిల్లర్ల వరుసను ముందుగా నిర్ణయించుకుని, దాని చుట్టూ ఫ్లాట్లు అమర్చాలి. చాలామంది ఫ్లాట్ల నక్షా ముందు గీసి, ఆ పిల్లర్లను కిందికి దించుతారు. ఫలితంగా షట్టరు మధ్యలో ఒక పిల్లరు, కారు మలుపులో ఇంకో పిల్లరు వచ్చి కూర్చుంటాయి.

పైపుల విషయం ఇంకా సున్నితమైనది. పైన నివాస అంతస్తులో స్నానాల గదులు, వంటిళ్లు ఫ్లాటుకు రెండు మూడు చోట్ల ఉంటాయి. వాటి పైపులన్నీ నేరుగా కిందికి దిగితే క్లినిక్కు ఫాల్స్ సీలింగు వెనకాల మరుగుదొడ్డి పైపు వేలాడుతుంది. అది కారిన రోజు పైవారిని తలుపు తీయమని అడగాలి, కిందివారు ఆ రోజుకు పని ఆపాలి. వాణిజ్య అంతస్తుకూ నివాస అంతస్తుకూ మధ్య మనిషి వంగి నడవగలిగినంత ఎత్తుతో ఒక సర్వీసు అంతస్తు వదిలి, పైపులన్నిటినీ అందులో మళ్లించి బయటి షాఫ్టుల (పైపుల కోసం వదిలే నిలువు సందుల) గుండా దించితే ఈ సమస్య పుట్టదు. 18 మీటర్ల లోపు భవనంలో అంత ఎత్తు వదలడం కుదరదు కాబట్టి, ఫ్లాట్ల తడి గదులన్నీ బయటి గోడల వెంబడి వచ్చేలా నక్షా గీయించి, అక్కడి షాఫ్టుల్లోనే పైపులు దించాలి. ఈ ఒక్క పని చేయించినా మీ తరువాతి తరం మిమ్మల్ని తలచుకుంటుంది.

గ్రౌండ్ ఫ్లోరులో హోటలో టిఫిన్ సెంటరో వస్తుంది, రాకుండా ఆపలేరు, ఆపనవసరం కూడా లేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుని, ఒకటి లేదా రెండు మలిగీలను మాత్రమే వంటకు కేటాయించండి. ఆ మలిగీల నుంచి డాబా పైదాకా, ఫ్లాట్ల కిటికీలకు దూరంగా, అగ్నిని తట్టుకునే పొగగొట్టం భవనంతోపాటే కట్టించాలి. మురుగులో జిడ్డును ఆపే తొట్టి విడిగా ఉండాలి, దానిని శుభ్రం చేసే మనిషి పార్కింగ్ గుండా నడవకుండా చేరగలగాలి. తరువాత చూసుకుందామని వదిలేసిన చోట్ల హోటల్ వారు సెట్‌బ్యాక్‌లోకి రేకు గొట్టం పెట్టి పొగ వదులుతారు, నాలుగో అంతస్తు వారు కిటికీలు మూసుకుని బతుకుతారు. గ్యాస్ సిలిండర్ల నిల్వకు బయట, జాలీ గోడలతో చోటు చూపించండి.

పార్కింగ్‌లో చదరపు అడుగుల లెక్క నిబంధనలే చెబుతాయి, వాణిజ్యానికీ నివాసానికీ ఆ శాతాలు వేరు. కానీ అసలు గొడవ దారి దగ్గర వస్తుంది. దుకాణానికి వచ్చినవారు పది నిమిషాల పని కోసం సెల్లార్‌లోకి దిగరు, కనపడిన చోట బండి ఆపుతారు. కాబట్టి ముందు సెట్‌బ్యాక్‌లో ద్విచక్ర వాహనాలకూ, ఆర్డర్లు తీసుకెళ్లే డెలివరీ కుర్రవాళ్లకూ చోటు గీసి ఇవ్వాలి. సరుకు దింపే వ్యానుకు పక్క సెట్‌బ్యాక్‌లో ఒక చోటు, ఉదయం ఎనిమిది లోపు అన్న సమయ నియమం ఉండాలి. అగ్నిమాపక బండి తిరిగే దారిలో మాత్రం ఇవేవీ రాకూడదు. ఫ్లాట్ల వారి కార్లు కింది సెల్లార్‌లో, వేరే ర్యాంపుతో కుదిరితే మంచిది. ఒకే ర్యాంపు అయితే ఫ్లాట్ల భాగానికి గేటు ఉండాలి. వాలు ఎనిమిది అడుగులకు ఒక అడుగు కంటే నిటారుగా చేయనివ్వకండి.

ఇప్పుడు మీ తమ్ముడిగారి ప్రశ్న, దుకాణాలు అమ్మాలా ఉంచుకోవాలా. హాంకాంగ్‌లో మెట్రో రైలు నడిపే ఎంటీఆర్ సంస్థ 1970ల చివరి నుంచి తన స్టేషన్ల మీదా డిపోల మీదా భవనాలు కట్టిస్తోంది. అక్కడ ఫ్లాట్లను అమ్మేస్తారు, షాపింగ్ మాల్స్‌ను చాలావరకు సంస్థే తన చేతిలో ఉంచుకుని అద్దెకు ఇస్తుంది, ఆ ప్రాంగణాల నిర్వహణ కూడా చూస్తుంది. అంత భూమి విలువ ఉన్న నగరంలో అమ్మడానికి గిరాకీ లేక వారు ఉంచుకోలేదు. దుకాణాల వరుస విలువ అందులో ఏ దుకాణం పక్కన ఏది ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇరవై మలిగీలను ఇరవై మందికి అమ్మితే ఒకరు మందుల షాపుకు, ఒకరు వెల్డింగుకు, ఒకరు కోడిమాంసానికి ఇస్తారు. ఎవరి అద్దె వారిదే, వీధి ముఖం ఎవరిదీ కాదు. బోర్డులు కూడా తలో రకంగా వేలాడతాయి. అదే ఒకరి చేతిలో ఉంటే ఏ వ్యాపారానికి ఇవ్వాలో ఎంచుకోవచ్చు, పైవారికి ఇబ్బంది కలిగించిన అద్దెదారును గడువు తీరగానే మార్చవచ్చు. పై ఫ్లాట్ల ధర నిలబడడానికి కూడా ఇదే ఆధారం.

కాబట్టి చెరి సగం పంపకాన్ని ప్రతి అంతస్తులో సగంగా కాకుండా విలువ లెక్కన చేసుకోమంటాను. గ్రౌండ్ ఫ్లోరు మొత్తం మీ నలుగురి పేరిట ఉమ్మడిగా, అవసరమైతే మీ ఫ్లాట్ల వాటాను తగ్గించుకుని అయినా తీసుకోండి. మీ తమ్ముడిగారికి డబ్బు కావాలంటే ఆయన వాటాకు ఫ్లాట్లు కేటాయించి అవి అమ్మనివ్వండి. అయితే ఇక్కడ ఆదాయపు పన్నులో ఒక మెలిక ఉంది. స్థలాన్ని ఉమ్మడి అభివృద్ధికి ఇచ్చిన వ్యక్తులకు, మూలధన లాభం పన్నును భవనం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చిన ఏడాదిలో కట్టే వెసులుబాటు 2017 బడ్జెట్‌తో వచ్చింది. ఆ ధ్రువపత్రం రాకముందే తన వాటాను అమ్ముకుంటే ఆ వెసులుబాటు వర్తించదు. నిర్మాణ దశలోనే అమ్ముదామన్న ఆలోచన అందుకే ఖరీదైనది. జీఎస్టీలో కూడా ఒక హద్దు ఉంది. ప్రాజెక్టు మొత్తం కార్పెట్ ఏరియాలో (గోడల లోపలి వాడుక స్థలంలో) వాణిజ్యం 15 శాతం దాటకపోతే దుకాణాల మీద కూడా ఫ్లాట్లలాగే 5 శాతం పన్ను వర్తిస్తుంది, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సామగ్రి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, ఉండదు. దాటితే దుకాణాలకు భూమి విలువ మినహాయించి లెక్కగట్టిన 12 శాతం, క్రెడిట్‌తో సహా వర్తిస్తుంది. మీ భవనంలో వాణిజ్యం 40 శాతం దాకా వస్తుంది కాబట్టి బిల్డరు ఖాతాలు మొదటి రోజు నుంచీ రెండు భాగాలుగా ఉండాలి. సంతకాలకు ముందే ఆడిటరుతో కూర్చోండి.

దస్తావేజుల్లో చూడవలసినది ప్రధానంగా భూమిలో అవిభాజ్య వాటా. కొన్ని ఒప్పందాల్లో దుకాణాలకు ఎక్కువ, ఫ్లాట్లకు నామమాత్రపు వాటా రాసిన సందర్భాలు, దానికి తలకిందులుగా రాసినవీ చూశాను. ముప్పై నలభై ఏళ్లకు భవనాన్ని కూల్చి కట్టవలసి వచ్చినప్పుడు మిగిలేది ఆ వాటా ఒక్కటే. దానిని నిర్మిత విస్తీర్ణం నిష్పత్తిలో ఉంచి, లెక్కను ఒప్పందానికి అనుబంధంగా జతచేయండి. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రేరా చట్టంలో దుకాణం, షోరూము, ఆఫీసు కూడా అపార్ట్‌మెంట్ నిర్వచనంలోకే వస్తాయి. మీ ప్రాజెక్టు 500 చదరపు మీటర్లు దాటింది కాబట్టి నమోదు తప్పనిసరి. కొనుగోలుదారుల నుంచి వసూలైన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. మంజూరైన నక్షాలో పెద్ద మార్పులకు మూడింట రెండు వంతుల మంది కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి.

సంఘం ఒకటే ఉన్నా ఖాతాలు మూడు ఉండాలి: దుకాణాలది, ఫ్లాట్లది, పునాది, డాబా, నీటి ట్యాంకు వంటి ఉమ్మడి వాటిది. ఫ్లాట్ల లిఫ్టు ఖర్చును దుకాణాల మీదా, దుకాణాల ముందు కాపలా ఖర్చును ఫ్లాట్ల మీదా వేయకూడదు. నీటి మీటర్లు విడిగా ఉండాలి. ఎండాకాలంలో ట్యాంకరు వచ్చినప్పుడు హోటల్ ఎంత వాడింది, ఇళ్లు ఎంత వాడాయి అన్నది లెక్క తేలకపోతే ఎంత మంచి పొరుగువారైనా మాటామాటా అనుకుంటారు. డాబా మీద హోర్డింగు, సెల్ టవరు అద్దె ఎవరిదో, ఏ వ్యాపారాలు నిషిద్ధమో ప్రతి అమ్మకపు దస్తావేజులోనూ అద్దె ఒప్పందంలోనూ ఒకే మాటల్లో రాయించండి. పెట్రోలియం ద్రావకాలు, రసాయనాలు, బాణసంచా, బ్యాటరీల సామూహిక ఛార్జింగ్, బార్, ఫంక్షన్ హాలు ఆ జాబితాలో తప్పక ఉండాలి. రాత్రి పనివేళలు, జనరేటరు చోటు కూడా అందులోనే చెప్పాలి.

ఫ్లాట్లు మెల్లగా ఆఫీసులుగా, హాస్టళ్లుగా మారడాన్ని కూడా ఆ దస్తావేజులే అడ్డుకోవాలి. ఢిల్లీలో ఇళ్ల మధ్య అనుమతి లేకుండా పెరిగిన దుకాణాలను 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో సీలు వేసినప్పుడు వేల కుటుంబాల జీవనోపాధి ఒక్కసారిగా ఇరకాటంలో పడింది. 2007లో నోటిఫై అయిన మాస్టర్‌ప్లాన్ ఏ వీధిలో ఎంతవరకు మిశ్రమ వినియోగం సాగవచ్చో నిర్ణయించింది. కట్టాక క్రమబద్ధం చేసుకోవచ్చన్న ధీమా ఎంత మందిని రోడ్డున పడేసిందో ఆ ఏడాది చూశాం.

చివరిగా ఆ ఆరు మలిగీల వారి గురించి. మీ ఉత్తరంలో వారి ప్రస్తావన ఒక్క వాక్యంలో ముగిసింది, నాకు అది సరిపోలేదు. సైకిళ్లు బాగుచేసే ఆయన, ఇస్త్రీ కొట్టు, టిఫిన్ సెంటరు, వీరు ఆ వీధిలో మీ స్థలానికి ఉన్న గిరాకీని ఇరవై ఏళ్లుగా నిలబెట్టినవారు. ముంబయి భేండీ బజార్‌లో 16.5 ఎకరాల పునర్నిర్మాణం తలపెట్టినప్పుడు సుమారు 3,200 కుటుంబాలతోపాటు 1,250 దుకాణాలను కూడా ప్రణాళికలో భాగంగా లెక్కించి, తాత్కాలిక ఏర్పాట్లు చేసి, తిరిగి చోటు ఇచ్చేలా రాసుకున్నారు. మీది చాలా చిన్న పని. ఆరుగురికీ నిర్మాణ కాలానికి కొంత మొత్తం, తిరిగి వచ్చే హక్కు, మొదటి మూడేళ్లకు అందుబాటు అద్దె రాసిస్తే వారు కోర్టుకు వెళ్లకుండా ఖాళీ చేస్తారు. కొత్త భవనం తెరిచిన మొదటి రోజు నుంచే గ్రౌండ్ ఫ్లోరులో దీపాలు వెలుగుతాయి. ఇందుకోసం ముఖభాగంలో మూడు నాలుగు మలిగీలను పదడుగుల వెడల్పుతో చిన్నవిగానే ఉంచండి. అన్నీ పెద్ద షోరూములైతే ఇస్త్రీ చేసేవారికీ కూరలు అమ్మేవారికీ చోటుండదు, పై ఫ్లాట్ల వారు కొత్తిమీర కోసం బండి తీయాలి.

బిల్డరుతో తరువాతి సమావేశంలో పంపకం శాతం గురించి మాట్లాడకండి. 18 మీటర్ల లోపు ఒకటి, ఎత్తైనది ఒకటి, రెండు నక్షాలు అడగండి. రెండింటిలోనూ విడి మెట్లు, పైపుల షాఫ్టులు, పొగగొట్టం, వ్యాను ఆగే చోటు, పిల్లర్ల వరుస గీసి చూపించమనండి. వాటిని మీకు సంబంధం లేని ఒక ఆర్కిటెక్టుకూ ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకూ ఫీజు ఇచ్చి చూపించండి. అంత స్థలం విలువ ముందు ఆ ఫీజు చాలా చిన్నది. నక్షాలు గీయడానికి నెల రోజులు కూడా ఓపిక పట్టని బిల్డరైతే, మీ నలుగురూ కలిసి ఇంకొకరిని వెతుక్కోవడమే మేలు.